మా మరదలి మచ్చల పటం

నేను సర్వేయరును. ఇరవై ఏడేళ్ళుగా నా ఉద్యోగం ఒకటే: ఎవరి నేల ఎక్కడ ముగుస్తుందో వాళ్ళకి చెప్పడం. మూడు కాళ్ళ మిషను నిలబెట్టి, ఒక కన్ను మూసుకుని, అద్దంలోంచి చూసి, "మీ గోడ పక్కవాళ్ళ స్థలంలోకి నాలుగంగుళాలు జరిగింది" అని చెబితే ఎంతటి పెద్దమనిషైనా నోరు మూసుకునేవాడు. అలాంటి నేను, నా ఇంటి ముందున్న ముప్ఫై అడుగుల పచ్చికలో ఎక్కడ కూర్చోకూడదో ఒక కుక్కకి చెప్పలేకపోయాను.

ముందు ఆ లాన్ గురించి చెప్పాలి. ముప్ఫై అడుగుల పొడవు, పద్ధెనిమిది అడుగుల వెడల్పు. ఇల్లు కట్టుకున్న ఏడాది ఆఫీసులో బతిమాలి లెవెల్ మిషను ఇంటికి తెచ్చుకుని, ఒక సెలవురోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేలను మట్టం చేశాను. వాన నీళ్ళు నిలవకుండా పొడవునా రెండంగుళాల వాలు పెట్టాను. చూసినవాళ్ళెవరికీ ఆ వాలు కనపడదు. కనపడదని తెలిసి కూడా ఇంటికొచ్చిన ప్రతివాడికీ దాన్ని చూపించేవాణ్ణి. ప్రతి ఆదివారం గడ్డి కోసి, తాడు కట్టి, మోకాళ్ళ మీద పాకుతూ కత్తెరతో అంచులు సరిచేసేవాణ్ణి. మా ఆవిడ జుట్టు సగానికి సగం కత్తిరించుకొస్తే వారం దాకా గమనించని మనిషిని, గడ్డి పావంగుళం పెరిగితే గమనిస్తానట. ఈ మాట నాది కాదు, ఆవిడదే.

అలాంటి ఇంటికి మా అత్తగారు వచ్చారు. ఆవిడ అప్పటిదాకా ఓ మూడో అంతస్తు ఇంట్లో ఒక్కరే ఉండేవారు. మోకాళ్ళకీ మెట్లకీ పడకపోవడంతో మా ఆవిడ వెళ్ళి తీసుకొచ్చింది. రావడానికి ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. ఆ షరతు కారు వెనక సీట్లో కూర్చుని, ఒక చెవి నిలబెట్టి, ఒక చెవి వాల్చి, నన్ను ఎగాదిగా చూస్తూ దిగింది. తేనెరంగు ఆడకుక్క, ఏడేళ్ళది. అత్తగారు దాన్ని "చిన్నమ్మాయి" అని పిలుస్తారు. పెద్దమ్మాయి మా ఆవిడ. పక్కింటి కెమిస్ట్రీ మాస్టారు గోడ మీదుగా తొంగిచూసి, "అయితే నీకు మరదలన్నమాట" అనేదాకా ఆ వరస నాకు తట్టలేదు. ఆ రోజు నుంచి వీధిలో ఎదురైన ప్రతివాళ్ళూ మా మరదలి క్షేమ సమాచారాలు అడగడం మొదలుపెట్టారు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మా అత్తగారు నాతో నేరుగా మాట్లాడరు. కోపం కాదు, మర్యాద. అల్లుడితో ఎంత తక్కువ మాట్లాడితే అంత గౌరవమని ఆవిడ నమ్మకం. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆవిడ "బాగున్నారా", "భోజనం చేశారా" దాటలేదు, నేను "ఆఁ" దాటలేదు. తక్కిందంతా మా ఆవిడ ద్వారా నడిచేది. ఇప్పుడు మా ఆవిడ ఆస్పత్రిలో పగటి డ్యూటీకి వెళ్ళినా ఇబ్బంది లేకుండా ఆవిడకి ఒక రాయబారి దొరికింది. "చూశావా చిన్నమ్మాయ్, మీ బావగారు బురద చెప్పులతో లోపలికి వచ్చేశారు" అని కుక్కతో అనేవారు. నేను వెనక్కి వెళ్ళి చెప్పులు విప్పి, "చూసుకోలేదమ్మా" అని కుక్కకే జవాబు చెప్పేవాణ్ణి. అది ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసి ఆవలించేది. మా ఇద్దరికీ ఈ ఏర్పాటు బాగానే ఉండేది.

మూడు వారాల్లో లాన్ మీద ఏడు పసుపు మచ్చలు తేలాయి.

మొదట తెగులనుకున్నాను. భూతద్దం పెట్టి చూశాను. మందు కొట్టాను. మందు కొట్టిన మర్నాడు ఎనిమిదోది వచ్చింది. కెమిస్ట్రీ మాస్టారు రిటైరై పదేళ్ళయినా ఎవరికైనా పాఠం చెప్పే అవకాశం వస్తే వదలరు. గోడ దాటి వచ్చి, గడ్డిలో చతికిలబడి, మచ్చ చుట్టూ వేలు తిప్పారు. మధ్యలో గడ్డి కాలిపోయినట్టు పసుపుగా ఉంది, అంచున మాత్రం మిగతా లాన్ కంటే ముదురు ఆకుపచ్చగా, ఏపుగా ఉంది. "నువ్వు చల్లే ఎరువూ, మీ మరదలు పోసేదీ ఒకటేనయ్యా" అన్నారు. "రెండిట్లోనూ ఉన్నది నత్రజనే. అంచుల్లో కొంచెం పడింది, ఎరువై పెరిగింది. మధ్యలో మోతాదు మించింది, మాడింది. మగకుక్కయితే నడుస్తూ నడుస్తూ స్తంభానికో చుక్క, గోడకో చుక్క పంచుతుంది. ఇది ఆడపిల్ల, పద్ధతిగా ఒక్కచోట కూర్చుంటుంది." విరుగుడు కూడా చెప్పారు: అది లేచిన వెంటనే ఆ చోట ధారాళంగా నీళ్ళు పోస్తే పలచబడి నేలలోకి దిగిపోతుంది, గడ్డి బతుకుతుంది.

మామూలు మనిషైతే మర్నాటి నుంచి నీళ్ళు పోసుకునేవాడు. నేను సర్వేయరును. మ్యాపు లేకుండా ఏ పనీ మొదలుపెట్టలేను.

లాన్ అంతా మేకులు కొట్టి, తెల్ల దారం కట్టి, రెండేసి అడుగుల గళ్ళుగా విడగొట్టాను. వెడల్పున అ నుంచి ఐ దాకా, ఋ వదిలేసి, తొమ్మిది, పొడవున ఒకటి నుంచి పదిహేను. అడుగుకి అంగుళం చొప్పున పెద్ద కాగితం మీద పటం గీశాను. ప్రతి మచ్చకీ ఎర్ర సిరాతో ఒక గుండ్రం, పక్కన నేను చూసిన తేదీ, వేళ, అంగుళాల్లో కొలత. మొదటిది "ఈ-7, ఉదయం 6-10, పదకొండు అంగుళాలు." కింద కుడి మూలన ఉత్తర దిక్కు బాణం కూడా వేశాను. ఆ మేకులు ఆటవస్తువులనుకుని మా మరదలు రోజుకి నాలుగు పీకి నా చెప్పుల దగ్గర పెట్టేది. రోజూ మళ్ళీ కొట్టేవాణ్ణి.

తెల్లవారగానే మొక్కలకు నీళ్ళు పోసే క్యాను పట్టుకుని దాని వెంట పడేవాణ్ణి. అది రెండడుగులు వేస్తే నేను రెండడుగులు. అది ఆగితే నేను ఆగేవాణ్ణి. అలా కళ్ళార్పకుండా చూస్తూ ఒక మగమనిషి నిలబడితే ఏ ఆడపిల్లకైనా సిగ్గేస్తుందన్న ఆలోచన నాకు రాలేదు. అది బిగపట్టుకుని, నేను స్నానానికి వెళ్ళేదాకా ఆగి, అప్పుడు తీరిగ్గా తన పని చూసుకునేది. నేను తుండుగుడ్డతో పరుగెత్తుకొచ్చేసరికి గడ్డి మీద అది పడుకుని ఉండేది, ఏ గడిలో కూర్చుందో తెలిసేది కాదు. ఒకసారి అంచనా మీద ఆరు గళ్ళు తడిపాను. మచ్చ ఏడో గడిలో వచ్చింది.

తర్వాత ఒక మూలన నాలుగడుగుల చదరంలో గడ్డి తీసేసి, కంకర పరిచి, చుట్టూ ఇటుకలు పేర్చి దానికి ప్రత్యేకంగా ఒక చోటు ఏర్పాటు చేశాను. ఆ పని నిజానికి మంచిదే. ఓపికగా రోజూ అక్కడికి తీసుకెళ్ళి, అక్కడ కూర్చున్నప్పుడల్లా ఓ బిస్కెట్టు ముక్క పెడితే ఏ కుక్కైనా నేర్చుకుంటుంది. నేను దాన్ని ఒక్కసారి తీసుకెళ్ళి, కంకర చూపించి, సరిహద్దులు వివరించి వచ్చేశాను. అది అక్కడ చక్కగా ముడుచుకుని నిద్రపోయింది. వరండాలోంచి అత్తగారు, "అదృష్టవంతురాలివే చిన్నమ్మాయ్, మీ బావగారు నీ పేర స్థలం రాసిచ్చారు" అన్నారు.

నెల గడిచాక ఒక రాత్రి భోజనాల దగ్గర కుక్కల పెంపకం మీదా, ఇంటి క్రమశిక్షణ మీదా పావుగంట ఉపన్యాసమిచ్చాను. మర్నాటి నుంచి చిన్నమ్మాయి లాన్ మీదకి రావడం మానేసింది. కొన్నాళ్ళు పెరటివైపే తిప్పుతామని మా ఆవిడ ముక్తసరిగా చెప్పింది. పన్నెండు రోజులు పటం మీద ఒక్క గుండ్రం పడలేదు. నా మాటకి ఇంట్లో ఇంత విలువుందా అని లోలోపల పొంగిపోయాను. పటం మీద ఆ ఖాళీ పక్కన "మందలింపు ఫలితం" అని రాసుకున్నాను కూడా. పదమూడో రోజున అది మామూలుగా నడిచొచ్చి ఉ-9లో కూర్చుంది.

విజయం చేతికొచ్చి జారిపోయిన మనిషికి ఒళ్ళు మండుతుంది. నాలుగైదు వారాలు ఓపిక పట్టాను, అంటే నాలుగైదు వారాలు చిటపటలాడాను. చివరికి ఒకనాడు భోజనాల దగ్గర, కుక్కతో కాదు, మా ఆవిడతో, అత్తగారికి వినపడేలా చెప్పేశాను: ఈ నెలాఖరుకి లాన్ బాగుపడకపోతే కుక్కని వంటింటి వెనక సిమెంటు గచ్చు మీద గొలుసేసి కట్టేస్తానని. వినడానికి ఎంత నీచంగా ఉందో ఆ మాట నోట్లోంచి వస్తుండగానే తెలిసింది. కానీ మాట దాటాక వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

అత్తగారు పళ్ళెంలో చెయ్యి కడిగేసుకున్నారు. వంగి కుక్క చెవి సవరించి, "రావే చిన్నమ్మాయ్, మన సామాను ఎక్కడుందో చూసుకుందాం" అన్నారు. మర్నాటి నుంచి ఆవిడ సూట్‌కేసు మంచం కిందనుంచి కాస్త ముందుకి, గుమ్మంలోంచి చూస్తే కనపడేలా ఉండేది. మా ఆవిడ నాతో మాట్లాడడం మానేసింది. నెలాఖరుకి పద్ధెనిమిది రోజులుంది. తల్లి వెళ్ళిపోతే ఆ ఇంట్లో నేనూ లానూ మాత్రమే మిగులుతామని నాకు బాగా అర్థమైంది.

దిక్కుతోచక మాస్టారి దగ్గరికి వెళ్ళాను. కుక్క నీళ్ళు ఎక్కువ తాగితే మూత్రం పలచబడి గడ్డి మాడదని, ఇంట్లో నాలుగు చోట్ల నీళ్ళగిన్నెలు పెట్టమని ఆయన చెప్పారు. అంతవరకే చెప్పారు. నీళ్ళు ఎక్కువ తాగించడమెలా అని దారిలో ఆలోచించి, ఉప్పు అనే సమాధానం కనిపెట్టింది మాత్రం పూర్తిగా నా బుర్రే. అత్తగారు దాని గిన్నెలో తిండి పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిన సందులో, దొంగలా అటూ ఇటూ చూసి ఒక చిటికెడు వేసి కలిపేవాణ్ణి.

మూడో రోజుకల్లా అది గిన్నె వెంట గిన్నె ఖాళీ చేయసాగింది. లాన్ మీద రోజుకి అయిదారుసార్లు కూర్చుంటోంది, ఒక్క మచ్చ రాదు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పాత మచ్చల్లో ఎండిన గడ్డి గీకేసి, మట్టిని బాగా తడిపి, కొత్త గడ్డి దుబ్బులు నాటాను. అవీ పట్టుకున్నాయి. పటాన్ని గొట్టంలో చుట్టి ఆఫీసుకి పట్టుకెళ్ళి బల్ల మీద పరిచి అందరికీ చూపించాను. మా పైఅధికారి కూడా వచ్చి చూశాడు. ఉత్తర దిక్కు బాణం బాగుందన్నాడు. ఇంటికొచ్చి, గొలుసు మాట రద్దు చేస్తున్నట్టు మహారాజు లెవెల్లో ప్రకటించాను. సూట్‌కేసు మంచం కిందకి కాస్త జరిగింది.

ఆ రోజుల్లోనే అత్తగారు కుక్కతో అంటుండగా విన్నాను: "ఏంటే, ఇన్నేసి నీళ్ళు తాగుతున్నావు, తిండి చూస్తే ముట్టట్లేదు?" కుక్కకి జవాబు చెప్పినట్టే, నీళ్ళు ఆరోగ్యానికి మంచివని, ఎండలకి ఆకలి మందగిస్తుందని నేను చెప్పాను. చెప్పి, గిన్నె ఖాళీగా ఉంటే నేనే తీసుకెళ్ళి నింపి తెచ్చి దాని ముందు పెట్టాను. అత్తగారు నా వైపు చూశారు. ఆ చూపులో కృతజ్ఞత ఉంది. అయినా ఉప్పు సంగతి చెప్పలేదు.

ఉప్పు మొదలుపెట్టిన పదకొండో రోజు పొద్దున్న మా ఆవిడ డ్యూటీకి వెళ్ళిపోయింది. నేను గడ్డం గీసుకుంటున్నాను. తలుపు దగ్గర అత్తగారు నిలబడ్డారు. పక్కన కుక్క లేదు.

"బాబూ, చిన్నమ్మాయి లేవట్లేదు."

ఇరవై రెండేళ్ళలో ఆవిడ నాతో నేరుగా చెప్పిన మొదటి కబురు అది. సగం గీసిన గడ్డంతోనే పరుగెత్తాను. కుక్క తన దుప్పటి మీద పక్కకి పడి ఉంది. కడుపు ఉబ్బింది. రాత్రెప్పుడో వాంతి చేసుకుంది. నన్ను చూసి తోక ఒక్కసారి నేలకి కొట్టింది. దాని ముందు నేను నింపిన నీళ్ళగిన్నె ఖాళీగా ఉంది. అంత బరువున్న కుక్కని రెండు చేతుల మీద ఎత్తుకుని కారు దాకా ఎలా నడిచానో నాకు తెలియదు. లాన్ మీదుగా అడ్డంగా, చెప్పులతో నడిచానని మాత్రం తర్వాత అడుగులు చూస్తే తెలిసింది.

జంతువుల డాక్టరమ్మ మాటలు తక్కువ మనిషి. కుక్కని బల్ల మీద పడుకోబెట్టించి, చిగుళ్ళు చూసి, కడుపు తడిమి, నీళ్ళు ఎక్కువ తాగుతోందా అని అడిగింది. అత్తగారు అవునన్నారు. ఎన్నాళ్ళ నుంచని అడిగితే ఆవిడ తడుముకున్నారు.

"తొమ్మిది రోజులు" అన్నాను నేను.

"అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు?"

బల్ల మీదున్న కుక్క వైపు చూశాను. ఇప్పుడు దాని ద్వారా చెప్పుకోవడానికి వీల్లేదు. ఉప్పు సంగతి చెప్పాను. ఎంత వేశానో, ఎప్పుడు వేశానో, ఎవరూ చూడకుండా ఎలా వేశానో అన్నీ చెప్పాను. అత్తగారి మొహం వైపు చూసే ధైర్యం లేక గోడ మీదున్న పిల్లి బొమ్మతో చెప్పాను. డాక్టరమ్మ ఒక్క నిమిషం నన్ను చూసి, అత్తగారి వైపు తిరిగి, ఈమధ్య ఇది ఎదకు వచ్చిందా అని అడిగింది. అత్తగారు ఒక్కసారి నా వైపు చూసి, తల దించుకుని, "గుర్తులేదమ్మా" అన్నారు.

గడ్డి మీద మచ్చలు ఆగిపోయిన తేదీ కావాలంటే నా దగ్గర మ్యాపుందని నేను గొణిగాను. ఆఫీసులో గొప్పలు చెప్పుకోవడానికి తీసుకెళ్ళిన గొట్టం ఇంకా కార్లోనే ఉంది. తెచ్చి రెండో బల్ల మీద పరిచాను. డాక్టరమ్మ నవ్వలేదు, అదే ఆశ్చర్యం. వేలుతో తేదీలు వెతుక్కుంటూ వెళ్ళింది. పన్నెండు రోజుల ఖాళీ దగ్గర ఆగింది.

"ఇక్కడ ఒక్క గుర్తూ లేదేం?"

అది నా మందలింపు ఫలితమని వివరించబోయాను. పక్కనే రాసి కూడా ఉంది. అత్తగారు చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, మొదటిసారి నన్ను దాటి కాదు, నా ముందే మాట్లాడారు.

"అప్పుడే వచ్చిందమ్మా ఎదకి. అందుకే పెరట్లో తిప్పాం. బాబుగారి ముందు ఆ మాటెలా చెప్పనని..." చెంగు వేలికి ఇంకో చుట్టు తిప్పారు. "నాలుగు రోజుల నుంచి దుప్పటికి మరక కూడా అవుతోంది. ఆయన కళ్ళ పడకుండా ఎప్పటికప్పుడు ఉతికేస్తున్నాను."

డాక్టరమ్మ తేదీల మీద వేలు పెట్టి వారాలు లెక్కపెట్టుకుంది. స్కానింగు మిషను లాక్కుంది. గర్భసంచి నిండా చీము. ఎద అయిన కొన్ని వారాలకి ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో వచ్చే జబ్బట. వెంటనే గర్భసంచి తీసేయాలి, బతుకుతుందని మాట ఇవ్వలేనంది. చేతులు కడుక్కుంటూ, మా ఇద్దరి వైపూ చూడకుండా ఇంకో మాట అంది.

"ఒకరు గడ్డి లెక్క రాశారు. ఒకరు మరకలు ఉతికారు. ఇద్దరూ ఒక్కసారి మాట్లాడుకునుంటే నాలుగు రోజుల ముందే వచ్చేవాళ్ళు."

మేమిద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ వదిలి. ఆ ఖాళీలో ఎప్పుడూ కుక్క ఉండేది. నా సగం గడ్డం చూసి ఎదుటి బెంచీ మీద పిల్లిని పట్టుకున్నావిడ మొహం తిప్పుకుంది.

"ఉప్పెందుకేశారు బాబూ?" అన్నారు అత్తగారు చివరికి.

"గడ్డి కోసం."

ఆ రెండు మాటల కంటే చిన్న మాటలు నేను నా జన్మలో అనలేదు. ఆవిడ తల ఊపారు. కోప్పడితే బాగుండేది.

"మీరు గిన్నె నింపి పెడుతుంటే, పోనీలే, దాని మీద ఇన్నాళ్ళకి ప్రేమ కలిగిందనుకున్నాను. అమ్మాయితో కూడా చెప్పాను."

సిగ్గుతో నా తల వాలిపోయింది. లాన్, వాలు, మేకులు, దిక్కు బాణం, అన్నీ ఒక్కొక్కటే కళ్ళ ముందు కదిలాయి. ఎవరి హద్దు ఎక్కడో తేల్చి చెప్పే మొనగాణ్ణి, ఒకే ఇంట్లో నాకూ ఈవిడకీ మధ్య ఇంత పెద్ద గోడ ఉందని, దాన్ని ఇద్దరం కలిసి మర్యాద పేరుతో ఇన్నేళ్ళు సున్నం వేసి కాపాడుకున్నామని తెలుసుకోలేకపోయాను. క్షమించమని అడిగాను. ఆవిడ తన చేతిసంచీలోంచి చిన్న మంచినీళ్ళ సీసా తీసి నా వైపు జరిపారు.

డాక్టరమ్మ బయటికి రావడానికి రెండు గంటలు పట్టింది. గండం గడిచినట్టే కానీ రెండు రాత్రులు ఇక్కడే ఉంచాలంది. అత్తగారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. నేను నిలబడే అడిగాను, నా ఉప్పు వల్ల ఎంత హాని జరిగిందని. ఆ చిటికెడు వల్ల కాదంది. ఇక ముందు వేస్తే మాత్రం ఊరుకోనంది. దాహం జబ్బుదేనని, చీము విషానికి కిడ్నీలు మూత్రాన్ని చిక్కబరచలేకపోయాయని, నీళ్ళని నీళ్ళలాగే వదిలేశాయని చెప్పింది. గడ్డి మాడకపోవడానికి కారణం అదే. నా కనిపెట్టుడు పనిచేయనే లేదు. ఆఫీసంతా తిప్పి చూపించిన పటం మీద, "ఉప్పు ప్రయోగం, సంపూర్ణ విజయం" అని నేను రాసుకున్న చోట, రాయవలసింది ఒక కుక్క చావుబతుకుల మధ్య ఉందన్న సంగతి.

మూడో రోజున మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటాతో చిన్నమ్మాయి ఇంటికొచ్చింది. మా ఆవిడ కథంతా విని, నన్ను చివాట్లు పెట్టడానికి మాటలు వెతుక్కుని, దొరక్క, నా సగం గడ్డం తలుచుకుని నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. ఆ సాయంత్రం అత్తగారు నన్ను పిలిచి, సూట్‌కేసు అటక మీద పెట్టమన్నారు. తనకి అందదట. నేరుగా నాతోనే చెప్పారు. పెట్టాను.

డాక్టరమ్మ చెప్పిన ఒక్క మాట నా బుర్రలో ఉండిపోయింది. కిడ్నీలు పూర్తిగా కోలుకుంటే మూత్రం మళ్ళీ చిక్కబడుతుందని. అంతే, నాకు కొత్త ఉద్యోగం దొరికింది. రోజూ తెల్లవారగానే లాన్ మీద మోకాళ్ళ మీద పాకుతూ మచ్చ కోసం వెతికేవాణ్ణి. లాన్ ఎక్కడ చూసినా పచ్చగా ఉంది. ఇన్నేళ్ళ నా కష్టంలో ఇంత పచ్చగా ఎప్పుడూ లేదు. నీళ్ళ క్యాను గోడ పక్కన బోర్లించేశాను. మాస్టారు గోడ మీదుగా చూసి, ఏం పోయిందని అడిగారు. పసుపు మచ్చ అన్నాను. ఆయన లోపలికి వెళ్ళిపోయారు. గరాటా ఊడదీసిన రోజు కూడా ఏమీ లేదు. అత్తగారు వరండాలో కుర్చీ వేసుకుని, ఏమైనా కనపడిందా అన్నట్టు నా వైపు చూసేవారు. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి.

అది ఇంటికొచ్చిన పంతొమ్మిదో రోజు పొద్దున్న, ఈ-7లో, గడ్డి రంగు తేడాగా కనిపించింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. మధ్యలో లేత పసుపు. అంచున, సన్నగా, ముదురు ఆకుపచ్చ.

"అత్తయ్యగారూ, ఒకసారి ఇలా రండి" అని కేకేశాను.

ఆవిడ మోకాళ్ళ నొప్పి మరిచిపోయి మెట్లు దిగొచ్చారు. వెనకే చిన్నమ్మాయి వచ్చి, ఏమిటీ హడావుడి అన్నట్టు మా ఇద్దరి మధ్యలో కూర్చుంది. ఆవిడ వంగి మచ్చని చూశారు. దాన్ని వేలితో మెల్లిగా తాకారు. నేను జేబులోంచి టేపు తీసి కొలిచాను. పటం మీద ఎర్ర సిరాతో గుండ్రం చుట్టాను. అది అంత గుండ్రంగా రాలేదు.

"ఎంతొచ్చింది బాబూ?"

"తొమ్మిది అంగుళాలు."

ఆవిడ మొహంలో దిగులు కదిలింది. "మొదట్లో పదకొండు ఉండేది కదా?"

"నిన్న మొన్నటిదాకా జబ్బు మనిషి కదండీ" అన్నాను. "మెల్లిగా వస్తుంది లెండి."

ఆవిడ సరేనని తల ఊపి, లేవడానికి నా భుజం పట్టుకున్నారు.